ఆర్డరు వచ్చిందా? కాస్త ఆగండి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి చూడకుండా ఎవరూ ధర చెప్పరు. తేమ ఎంతుంది, గింజ రంగేమిటి, తాలుకాయ ఎంత కలిసింది, అడుగునా పైనా ఒకే సరుకేనా అని చూస్తారు. రైతు ఏమీ అనుకోడు. కమీషన్ వ్యాపారి చిన్నబుచ్చుకోడు. ముప్పై ఏళ్లుగా తెలిసినవాడు తెచ్చిన తేజా కాయైనా అంతే, విరవాల్సిందే.

ఆ యార్డుకు కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఏ బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో, అదే కాయను మర పట్టించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునే ఇల్లాలిని ఊహించుకోండి. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగుతుంది. ఇరవై కిలోల కారం, పది కిలోల గోంగూర పచ్చడి. ధర బేరమాడలేదు. కారం ఎంత ఘాటో, నూనె ఏదో అడగలేదు. రేపే పంపాలి, కొరియర్ ఖర్చు ఎంతైనా ఫర్వాలేదు. కార్డు మీద డబ్బు కట్టేశారు కూడా. "పేమెంట్ సక్సెస్‌ఫుల్" అని మెసేజ్ వచ్చింది. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగదు. అడిగితే ఏమనుకుంటారో! మంచి బేరం చేజారిపోతుందేమో!

చిన్న వ్యాపారి దగ్గర కార్డు మోసగాడికి అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఈ మొహమాటమే. సాఫ్ట్‌వేర్ రక్షణలు ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను. కానీ ఏ సాఫ్ట్‌వేరూ మీ బదులు "ఒక్క నిమిషం ఆగండి" అనలేదు. ఆ మాట అనడం నేర్చుకోవాలి. మన వైపు పెంపకంలో అది అంత తేలిగ్గా రాదు. ఇంటికొచ్చినవాణ్ని "ఎవరు మీరు?" అని అడగడం కంటే ముందు మంచినీళ్లిచ్చే అలవాటు మనది. మంచి అలవాటే, ఇంటి గుమ్మం దగ్గర. వ్యాపారంలో మాత్రం సరుకు విరిచి చూసే అలవాటు కావాలి. అది కూడా మన ఊరిదే, ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు.

ఆ మెసేజ్‌కు అర్థం ఎంతవరకు?

"పేమెంట్ సక్సెస్‌ఫుల్" అంటే డబ్బు మీదైపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ మెసేజ్ చెప్పేది ఇంతే: ఈ నంబరుతో ఒక కార్డు ఉంది, అందులో అంత పరిమితి ఉంది, ఆ కార్డు పోయిందని ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. వాడినవాడు కార్డు యజమానేనా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అసలు యజమాని ఎక్కడో నెలాఖరున స్టేట్‌మెంట్ చూసుకుని, "ఈ గోంగూర ఏమిటి? నేను కొనలేదే" అని తన బ్యాంకుకు చెబితే, ఆ బ్యాంకు సొమ్మును వెనక్కి లాగుతుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో సాధారణంగా దీనికి 120 రోజుల దాకా గడువుంది. అంటే సంక్రాంతికి మీరు పంపిన అరిసెల పార్సిల్ మీద ఆవకాయ పెట్టే రోజుల్లో తగాదా రావచ్చు. అప్పటికి ఆ డబ్బు మీరు ఎప్పుడో ఖర్చు పెట్టేసి ఉంటారు.

మన దేశంలో ఇచ్చిన కార్డుల విషయంలో కాస్త నిశ్చింత ఉంది. రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ చెల్లింపులకు కార్డు మీద కనిపించే అంకెలు చాలవు, అదనంగా ఇంకో ధ్రువీకరణ ఉండాలని తప్పనిసరి చేసింది. ఓటీపీ అలా వచ్చిందే. అది కొట్టి కట్టిన డబ్బు మీద "ఈ కార్డు నేను వాడలేదు" అనే తగాదా వస్తే, ఆ నష్టం మామూలుగా కార్డు ఇచ్చిన బ్యాంకు వైపు వెళ్తుంది, అమ్మినవారి వైపు రాదు.

అమెరికా కార్డుల సంగతి వేరు. ఆ నిబంధన మన దేశంలో ఇచ్చిన కార్డులకే. అక్కడ చాలా కొనుగోళ్లు ఇప్పటికీ కార్డు నంబరు, గడువు తేదీ, వెనుక ఉన్న మూడంకెలతోనే అయిపోతాయి. పైగా 2015 అక్టోబరు నుంచి అక్కడ చిప్ కార్డు యంత్రం పెట్టుకోని దుకాణాల మీదికి మోసాల బాధ్యత మళ్లించారు. దుకాణాలు చిప్ యంత్రాలు తెచ్చుకున్నాయి, నకిలీ కార్డు గీకడం కష్టమైంది, దొంగలు ఆన్‌లైన్ వైపు మళ్లారు. మన కారం, పచ్చళ్లు, చీరాల కుప్పడం చీరలు, మంగళగిరి నిజాం అంచు నేతలకు విదేశాల్లో ఎక్కువ గిరాకీ ఎక్కడ? డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో. మన వ్యాపారానికి ప్రాణం పోసే ఆర్డర్లు, ప్రమాదం తెచ్చే ఆర్డర్లు ఒకే దారిలో వస్తున్నాయన్నమాట.

లెక్క చూడండి. కిలో కారం వెయ్యికి అమ్ముతారు, ఖర్చులు పోను 150 మిగులుతుందనుకుందాం. పన్నెండు వేల ఆర్డరు మోసమని తేలితే మీ చేతినుంచి పోయిన ఖర్చే 10,200. అది పూడాలంటే 68 కిలోలు అమ్మాలి. కొరియర్ డబ్బు, మీ కార్డు చెల్లింపులు నడిపే గేట్‌వే సంస్థ వేసే చార్జ్‌బ్యాక్ రుసుము దీనికి అదనం. పెద్ద కంపెనీకి ఇది లెక్కల పుస్తకంలో ఒక వరుస, వంటింటి వ్యాపారానికి నెల కష్టం.

చట్టం కార్డుదారు వైపు గట్టిగా నిలబడుతుంది. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, తన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన మోసాన్ని మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే ఖాతాదారుకు నష్టం సున్నా. న్యాయమే. కానీ సరుకు పంపిన అమ్మకందారుకు అలాంటి కవచమేదీ లేదు. ఎవరో వచ్చి కాపాడతారన్న ఆశ వదులుకుంటేనే జాగ్రత్త మొదలవుతుంది.

టీవీ కొన్న కుర్రాడు

2002 మే నెలలో జరిగిన ఒక కేసు చిన్న వ్యాపారులందరికీ తెలియాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు డబ్బు కడితే ఇక్కడి బంధువుల ఇంటికి సామాను చేర్చే వెబ్‌సైటు ఒకటి అప్పట్లో సోనీ ఇండియాకు ఉండేది. ఒక అమెరికా మహిళ పేరుతో ఒక కలర్ టీవీ, ఒక కార్డ్‌లెస్ హెడ్‌ఫోన్ ఆర్డరు వచ్చాయి. చేర్చాల్సిన చిరునామా నోయిడా. కార్డు చెల్లింది, కంపెనీ చేయాల్సిన తనిఖీలు చేసింది, సామాను అందించింది. నెలన్నర తర్వాత కార్డు సంస్థ నుంచి కబురు: అసలు యజమాని ఇది తాను కొన్నది కాదంటోందని.

కేసు సీబీఐకి వెళ్లింది. నోయిడాలో కాల్ సెంటర్‌లో పనిచేసే కుర్రాడు తన ఉద్యోగంలో చేతికొచ్చిన నంబరును వాడుకున్నాడని తేలింది. టీవీ, హెడ్‌ఫోన్ దొరికాయి. కోర్టు అతన్ని మోసం నేరం కింద దోషిగా తేల్చి, వయసు చిన్నదనీ, మొదటి నేరమనీ ఏడాది ప్రొబేషన్ మీద వదిలిపెట్టింది. సైబర్ నేరంలో మన దేశంలో పడిన తొలి శిక్షగా దీన్ని చెబుతారు.

నాకు ఈ కేసులో ఆసక్తిగా అనిపించేది శిక్ష గురించిన మాట కన్నా, సామాను అందించిన రోజు కంపెనీ మనుషులు చేసిన పని. తీసుకున్న మనిషితో సహా ఫొటోలు తీసి పెట్టుకున్నారు. అప్పటికి మోసమన్న అనుమానం లేదు, అది వాళ్ల పద్ధతి, అంతే. కేసు నిలబడటానికి అవి సాక్ష్యమయ్యాయి.

ఇంకో సంగతి. మోసాల గురించి పాశ్చాత్యులు రాసిన సలహాలన్నిటిలో మొదట కనిపించే మాట: కార్డు చిరునామా ఒకటి, సరుకు చేర్చే చిరునామా ఇంకొకటి అయితే అనుమానించండి అని. ఆ సలహాను అక్షరాలా పాటిస్తే మన వ్యాపారం సగం మూతపడుతుంది. న్యూజెర్సీలో కూతురు డబ్బు కడుతుంది, నరసరావుపేటలో అమ్మకు చీర చేరాలి. ఇదే కదా మన బేరం! చిరునామాలు కలవకపోవడం మనకు మామూలు.

మన జిల్లాల సంగతీ చూడండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది, అయినా "గుంటూరు జిల్లా" అని రాసే చేతులు ఆగలేదు. చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, పిన్‌కోడ్ మాత్రం ప్రకాశం లాగే 523తో మొదలవుతుంది. బాపట్ల పట్టణానిది 522. జిల్లా పేరు తప్పుందని ఆర్డరు ఆపితే నిజమైన కొనుగోలుదారుల్నే ఆపుతారు. ఊరి పేరు, పిన్‌కోడ్ కలుస్తున్నాయా అన్నదే చూడండి.

మరి దొంగను పట్టేదెలా? ఫోన్ చేయండి. మనకు ఉన్న బలం అది, పెద్ద కంపెనీలకు లేనిది. నరసరావుపేట నంబరుకు ఫోన్ చేసి, "అమ్మా, మీకు పార్సిల్ ఒకటి వస్తోందండీ, ఇంటి గుర్తు చెబుతారా? పంపేది ఎవరో మీకు తెలుసా?" అని అడిగితే చాలు. కూతురు పంపేదైతే ఆవిడ కూతురి పేరు, మనవడి పేరు, వాళ్లు అక్కడ ఉండే ఊరు కూడా చెప్పేస్తుంది, పది నిమిషాలు ఫోన్ పెట్టనివ్వదు. దొంగ సామాను దించుకునే చోటైతే గొంతులోనే తెలుస్తుంది: "ఆ... ఫ్రెండ్ పంపిస్తున్నాడు, మీరు పంపేయండి." పుట్టినరోజు కానుకని ముందే చెప్పి ఉంటే మాత్రం కట్టినవారికే ఫోన్ చేయండి, అమ్మ దగ్గర గుట్టు విప్పి వాళ్ల సంబరం చెడగొట్టకండి.

పేరు చూసి నమ్మడం, పేరు చూసి అనుమానించడం, రెండూ వద్దు. తెలుగు పేరున్న దొంగలు ఉన్నారు. గుంటూరు కారం రుచి మరిగిన అమెరికన్లూ ఉన్నారు.

మాట ముందే తయారుగా ఉండాలి

మొహమాటస్తులకు ప్రశ్న అడిగే ధైర్యం అప్పటికప్పుడు రాదు. కాబట్టి మాటలు ముందే రాసి పెట్టుకోండి. "పెద్ద ఆర్డర్లకు ఒకరోజు ఆగి పంపడం మా షాపు పద్ధతండీ." ఈ ఒక్క వాక్యం ఎంతో పని చేస్తుంది. "మీ మీద నమ్మకం లేదు" అనే మాట ఇందులో ఎక్కడా లేదు. పద్ధతి అందరికీ ఒకటే. దాన్ని మీ వాట్సాప్ ప్రొఫైల్‌లో, బిల్లు కింద అచ్చు వేసి పెడితే ఇంకా మేలు, ఎవరూ తమను వేలెత్తి చూపారనుకోరు.

ఎంత మొత్తం దాటితే పెద్ద ఆర్డరు? మీకు మీరే తేల్చుకోండి. నా కొలత ఇది: ఏ మొత్తం పోతే ఆ నెల కాయ కొనడానికి అప్పు చేయాల్సి వస్తుందో, అక్కడ గీత గీయండి. దానికి పైన వచ్చినది ఏదైనా రాత్రి ఒప్పుకోవద్దు. తెల్లారాక, ఇంట్లో ఇంకొకరికి చూపించి, అప్పుడు ఖరారు చేయండి. అలసిపోయిన కళ్లకు పెద్ద అంకె ముచ్చటగానే కనిపిస్తుంది. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతం ముందు వారం, దసరా, సంక్రాంతి, ఆవకాయ రోజులు, ఈ నాలుగు సమయాల్లో మరీ జాగ్రత్త. మీకు ఊపిరి సలపదని మోసగాడికీ తెలుసు.

నిజమైన కొనుగోలుదారు ఒకరోజు ఆగడానికి విసుక్కుంటాడు, తర్వాత ఆగుతాడు. మోసగాడు ఆగలేడు. అసలు యజమాని కార్డును ఎప్పుడు బ్లాక్ చేయిస్తాడో అతనికి తెలియదు. అందుకే "విమానం ఎక్కబోతున్నాను", "పెళ్లి రేపే", "వేరే షాపులో ఇప్పుడే ఇస్తామంటున్నారు" అని తరుముతాడు. తొందర పెట్టేవారి దగ్గర మీరు నెమ్మదించండి, దాన్ని అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మన ఇళ్లలోనే జరిగే అతి మామూలు తప్పు. అమెరికా నుంచి వదినగారు వాట్సాప్‌లో కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపుతుంది: "నాకు ఆ లింకులవీ కుదరట్లేదు, నువ్వే కొట్టేసుకో." ప్రేమతోనే పంపుతుంది. తీసుకోవద్దు. ఆ ఫొటో మీ గ్యాలరీలో, బ్యాకప్‌లో, పిల్లలు ఆడుకునే టాబ్లెట్‌లో ఉండిపోతుంది. రేపు ఆ కార్డు మీద ఇంకెక్కడ మోసం జరిగినా మొదటి అనుమానం మీ మీదే. పెద్ద పెద్ద వ్యాపార సంస్థలే 2022 అక్టోబరు 1 నుంచి కార్డు నంబర్లు తమ దగ్గర దాచుకోకూడదని, వాటి బదులు టోకెన్లు వాడాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మరి మన ఫోన్ గ్యాలరీలో ఎందుకు? "వదినా, ఈ ఫొటో రెండువైపులా తీసేద్దాం, లింకు పంపుతున్నాను, అన్నయ్యను కొట్టమను" అనండి. ఆవిడ ఏమీ అనుకోదు, అనుకున్నా మరుసటి పండక్కి మర్చిపోతుంది.

ఇంకో ఎత్తు వింటే నవ్వొస్తుంది, దాంట్లో పడినవాళ్లకు మాత్రం రాదు. దూరదేశం నుంచి ఒక పెద్దమనిషి వంద చీరలు అడుగుతాడు. "సరుకు తీసుకెళ్లడానికి మా ఏజెంటు వస్తాడు. అతను కార్డు తీసుకోడు. నా కార్డు మీద మీరు నలభై వేలు ఎక్కువ వేసుకుని, ఆ నలభై వేలు అతని ఖాతాకు పంపండి" అంటాడు. కార్డు దొంగది. నెల తర్వాత మొత్తం వెనక్కి పోతుంది. మీరు ఏజెంటుకు పంపినది మీ సొంత డబ్బు. అతనికి చీరలతో పనే లేదు. దీని చెల్లెలు ఇంకోటి: "పొరపాటున ఎక్కువ కట్టాను, తేడా నా యూపీఐకి పంపండి." దీనికి నియమం ఒక్కటే, మినహాయింపు లేదు: డబ్బు ఏ కార్డు నుంచి వచ్చిందో తిరిగి ఆ కార్డుకే, గేట్‌వే ద్వారానే వెళ్లాలి. కాళ్లా వేళ్లా పడినా సరే.

కొన్ని రోజులు మీ సైటులో చిన్న చిన్న ఆర్డర్లు కుప్పలుగా వచ్చి, వాటిలో చాలావరకు ఫెయిలవుతుంటే సంబరపడకండి. అది కార్డు టెస్టింగ్. దొంగ దగ్గర వేలకొద్దీ నంబర్లు ఉంటాయి, ఏవి పనిచేస్తాయో తెలుసుకోవడానికి మీ యాభై రూపాయల కారం ప్యాకెట్‌ను వాడుకుంటాడు. అన్ని నంబర్లు ఎక్కడివంటారా? కార్డు నంబరులో చివరి అంకె, ముందున్న అంకెల లెక్కకు సరిపోవాలి. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు పెట్టిన లెక్క అది. పొరపాటున అంకె తప్పు కొడితే పట్టుకోవడానికి పెట్టిందే గానీ దొంగను ఆపడానికి కాదు. కంప్యూటర్ అలాంటి నంబర్లను క్షణాల్లో పుట్టిస్తుంది. కాబట్టి ఒకే చోటు నుంచి పది నిమిషాల్లో ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో పరిమితి పెట్టించండి, "నేను రోబోను కాను" పరీక్ష పెట్టించండి, మరీ చిన్న మొత్తాలకు కార్డు తీసుకోవడం ఆపండి. ఫెయిలైన వాటి గురించి గేట్‌వేకు ఆ రోజే చెప్పండి. అందులో సక్సెస్ అయిన ఒకటీ అరా ఉంటే సరుకు పంపకుండా డబ్బు తిరిగి ఇచ్చేయండి, చార్జ్‌బ్యాక్ వచ్చేదాకా ఆగొద్దు.

యూపీఐ వైపు రెండు ముక్కలు చాలు. స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వొద్దు, మీ సొంత ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. అచ్చం అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. రెండోది, డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. "ఆర్మీలో పనిచేస్తున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది" అనేవాడు ఆర్మీ వాడూ కాదు, మీకు డబ్బు పంపేవాడూ కాదు.

సొంత వెబ్‌సైటు పెట్టుకున్నవాళ్లకు ఒక్క మాట. కార్డు అంకెలు కొట్టే పేజీ మీ సైటులో ఉండొద్దు, గేట్‌వే పేజీకే పంపండి. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ అంతటి సంస్థ చెల్లింపు పేజీలోకే దొంగ కోడ్ దూరి లక్షల మంది వివరాలు పోయాయి. 2020లో అక్కడి నియంత్రణ సంస్థ రెండు కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అంత మందీమార్బలం ఉన్నవాళ్లకే సాధ్యం కానిది, మీ మేనల్లుడు సెలవుల్లో చేసిపెట్టిన సైటు వల్ల కాదు.

తగాదా వచ్చిన రోజు

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకప్పుడు చార్జ్‌బ్యాక్ నోటీసు వస్తుంది. అన్నీ దొంగ కార్డులే కానక్కర్లేదు. సరుకు తిని కూడా "అందలేదు" అనేవాళ్లున్నారు, భర్త కొన్న సంగతి తెలియక భార్య, భార్య కొన్న సంగతి తెలియక భర్త బ్యాంకుకు ఫోన్ చేసే ఇళ్లున్నాయి. ఈ రెండో రకం చాలావరకు ఒక ఫోన్‌తో తేలిపోతుంది. స్టేట్‌మెంట్‌లో మీ షాపు పేరు కాకుండా మీ ఇంటిపేరో ఇంకేదో కనిపిస్తుంటే ఇలాంటివి పెరుగుతాయి. అక్కడ ఏ పేరు పడుతుందో కనుక్కుని, కొన్నవాళ్లు గుర్తుపట్టే పేరు పెట్టించండి.

నోటీసు వచ్చాక కోపం మొదట వస్తుంది. "మేమేమన్నా దొంగలమా!" అని గేట్‌వే కుర్రాడి మీద అరిస్తే ఒరిగేదేమీ లేదు, గడువు మాత్రం కొద్ది రోజులే. కాగితాలు మాట్లాడాలి. సరుకు తూచి మూత వేస్తూ తీసిన చిన్న వీడియో, పెట్టె మీద చిరునామా, కొరియర్ ట్రాకింగ్, తీసుకున్నవారి సంతకం లేదా ఓటీపీ, మాట్లాడుకున్న చాట్, బిల్లు. ఇవి ఆర్డరు నంబరు పేరిట ఒక ఫోల్డర్‌లో ఉంటే జవాబు రాయడం అరగంట పని. లేకపోతే మూడు రోజులు వెతుక్కుని, సగం దొరక్క, చివరికి వదిలేస్తారు. ఆ ఫోల్డర్లు కనీసం ఆరు నెలలైనా ఉంచండి. ఈ పని ఇంట్లో పదో తరగతి పిల్లకు అప్పజెప్పినా చక్కగా చేస్తుంది, బహుశా మీకంటే బాగా.

ఇంట్లో పని పంచుకునేటప్పుడే పాస్‌వర్డుల సంగతీ తేల్చండి. గేట్‌వే ఖాతాలోకి ఎవరెవరు వెళ్లగలరు? పోయిన సీజన్‌లో ప్యాకింగ్‌కు వచ్చి మానేసిన అబ్బాయి ఫోన్‌లో అది ఇంకా తెరిచి ఉందా? రెండంచెల లాగిన్ పెట్టారా? "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ మర్చంట్ కేవైసీ ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి" అని ఫోన్ వస్తే ఇంట్లో ఎవరు ఎత్తినా పెట్టేయాలని అందరికీ చెప్పారా? నిజంగా ఆగిందేమో అనిపిస్తే మీరే బ్రాంచికి వెళ్లి కనుక్కోండి.

ఇంకో చిక్కు ఈమధ్య పెరిగింది. ఎక్కడో మోసపోయినవారి డబ్బు ఐదారు చేతులు మారి, ఆఖరి చేయి మీ దగ్గర కారం కొంటుంది. పోలీసులు ఆ డబ్బు జాడ పట్టుకుని వస్తే మీ ఖాతా ఆగిపోతుంది. 2023లో కేరళలో చిన్న చిన్న దుకాణాల వాళ్లకు ఇలాగే జరిగింది. మీ తప్పు లేదని చూపించాలంటే ఆ అమ్మకానికి బిల్లు ఉండాలి. ఇంటి ఖర్చుల ఖాతా, వ్యాపారం ఖాతా వేరువేరుగా ఉంటే కనీసం పిల్లల ఫీజు ఆగదు. ఎవరైనా "మీ ఖాతాలో డబ్బు వేయించుకుని మాకు ఇవ్వండి, కమీషన్ ఇస్తాం" అంటే వ్యాపారం పేరుతో పిలిచినా సరే, ఆ గుమ్మం తొక్కొద్దు.

నిజంగా మోసపోయినవాళ్లు చేసే పెద్ద పొరపాటు దాచడం. ఇంట్లో చెబితే "నీకెందుకీ వ్యాపారం, హాయిగా కూర్చోక" అంటారని భయం. ముఖ్యంగా కోడళ్లకు ఈ భయం ఎక్కువ. నాలుగు నెలలు కష్టపడి అమ్మినదానికి ఎవరూ శభాష్ అనలేదు, ఒక్క ఆర్డరు పోతే అందరూ పాఠాలు చెబుతారు. చెప్పనివ్వండి. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయండి. డబ్బు చేతులు మారేలోపు ఆపడానికి గంటలే ఉంటాయి, ఇంట్లో వాళ్లను ఒప్పించడానికి జీవితమంతా ఉంది. స్టేషన్‌కు వెళ్తే "ఇది మా పరిధి కాదు" అనే మాటకు తలూపి వచ్చేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం పరిధితో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఐటీ చట్టంలో ఇతరుల గుర్తింపు వాడుకోవడానికి 66సి, కంప్యూటర్ ద్వారా వేషం మార్చి మోసం చేయడానికి 66డి సెక్షన్లున్నాయి, రెండింటికీ మూడేళ్ల దాకా జైలు. సెక్షన్ నంబరు చెప్పి అడిగేవారి కాగితం కాస్త త్వరగా కదులుతుందని వేరే చెప్పక్కర్లేదు.

కొరియర్ ఇంకా దారిలో ఉండగానే అనుమానం వస్తే, వెంటనే పార్సిల్‌ను వెనక్కి పిలిపించండి. తిరుగు ఖర్చు చూసి వెనకాడొద్దు. సరుకు మీ చేతికొస్తే పోయేది కొరియర్ డబ్బే.

ఇంత చదివాక వెంటనే చేయగల పని ఒకటుంది. మీ గేట్‌వే వాళ్లకు రేపు ఒక మెయిల్ రాయండి. మా ఖాతాలో విదేశీ కార్డులు చెల్లుతున్నాయా? చెల్లుతుంటే వాటికి అదనపు ధ్రువీకరణ అడిగేలా పెట్టగలరా? అలా ధ్రువీకరించిన చెల్లింపు మీద మోసం తగాదా వస్తే నష్టం ఎవరిది? కార్డు చిరునామా సరిపోయిందో లేదో మాకు చూపిస్తారా? చార్జ్‌బ్యాక్‌కు రుసుమెంత, జవాబుకు గడువెన్ని రోజులు? మీ కొనుగోలుదారులంతా హైదరాబాదు, బెంగళూరు, చెన్నై దాటనివాళ్లైతే విదేశీ కార్డులు ఆపేయమని అదే మెయిల్‌లో అడగండి. అక్కడివాళ్లు ఫోన్ చేసి, "ఏం భయపడకండి సార్, అన్నీ మేం చూసుకుంటాం" అంటారు. మర్యాదగా విని, "ఆ మాటే మెయిల్‌లో రాసి పంపండి" అనండి.